గౌష్ఠీనములు: దక్షిణాపథమందలి బూడిద దిబ్బలు

కర్నూలు మండలపుఁ బశ్చిమభాగమునఁ దుగ్గలి పరిసరమందు జొన్నగిరి, ఎఱ్ఱగుడి యను గ్రామములు గలవు. 1929 వ సంవత్సరమున ఘోషు అను భూగర్భశాస్త్రజ్ఞుఁ డెఱ్ఱగుడి రాళ్లపై నశోకుని ధర్మలిపులను గనిపెట్టినది మొదలు ఈ సీమ చరిత్రజ్ఞులకుఁ బరిచితమయ్యెను. పదునాలుగు బృహచ్ఛిలాశాసనములును, లఘుశిలాశాసనమును ఒక్కచోటనే యుండుట యిచ్చటి విశేషము. లఘుశాసనమునఁ గొన్ని పంక్తు లెడమనుండి కుడికిని, మఱికొన్ని కుడినుండి యెడమకును నడచుట లిపిశాస్త్రజ్ఞులకు నేఁటికిని వింతగనే యున్నది. పూర్వపుఁ బత్తికొండ తాలూకాలోనే రాజుల మందగిరియందు అశోకుని లఘుశాసనము మఱియొకటి కలదు. మౌర్యుల దక్షిణరాజధానియగు సువర్ణగిరి జొన్నగిరియే యని కొందఱు పండితు లభిప్రాయపడిరి. మఱికొంద ఱా గౌరవము నితరస్థలముల కొసఁగిరి. ఏది యెట్లున్నను, ఈ సీమచరిత్ర క్రీ. పూ. 3 వ శతాబ్దితో నారంభమగునని సామాన్యముగా భావింపఁబడుచున్నది. ఆ భావము సరికాదని నిరూపించు సాక్ష్య మీ పీఠభూమియందే కలదు. అది శిలపైఁ జెక్కఁబడినది గాదు, ఊరివారు పాఱవైచినది.

ఎఱ్ఱగుడియందలి ప్రథమశిలాశాసనము వంటశాల ప్రసంగముతోఁ గూడియున్నది. పూర్వము రాజు వంటశాలలోఁ బ్రతిదినమును లక్షలకొలఁది ప్రాణులు వధింపఁబడుచుండెననియు, శాసనము వ్రాయించునాఁటికి రెండు నెమళ్లును ఒక మృగమును మాత్రమే వధింపఁబడుచుండెననియు, ఆ మృగముగూడ నిత్యము గాదనియు, ఇఁకమీఁద నీ మూఁడును వధింపఁబడవనియు దాని సారాంశము. ఇది చక్రవర్తి తన వంటయింటినిగూర్చి లోకమునకుఁ జెప్పఁదలఁచిన మాట. ఆ కొండక్రింద నివసించిన కాఁపువాఁ డేమి తినెను, ఏ పశువులను బెంచెను, ఏది దాఁచుకొనెను, ఏది పాఱవైచెను అను ప్రశ్నలకు శాసనమునఁ బ్రత్యుత్తరము లేదు. వాఁడు వ్రాసికొనలేదు, వానినిగూర్చి వ్రాసినవారును లేరు. వాని సాక్ష్యము వాఁ డూరిబయటఁ బోసిన పెంటలోనే నిలిచినది. శాసనమునకుఁ జెప్పవలెనను సంకల్పము కలదు. పెంటదిబ్బ కది లేదు. కావుననే దాని సాక్ష్యమునఁ బొగడ్తయుఁ గపటమును లేవు. దానిని జదువుటకు మాత్రము శాస్త్రపరిచయము కావలెను.

చెత్తకుప్పలు చరిత్రకు సాక్షులని విద్వల్లోకము దృఢముగా గ్రహించినది సముద్రతీరమున. డెన్మార్కు దేశపుఁ దీరమున ఆల్చిప్పల గుట్టలు పెక్కులు గలవు. అవి సముద్రము తనంతటఁ దెచ్చి పోసిన గుట్టలని తొలుతఁ దలఁచిరి. 1848 లో నా దేశపు విజ్ఞానపరిషత్తు స్టీన్‌స్ట్రప్, ఫోర్ఖామర్, వొర్సో అను మువ్వురు విద్వాంసులను విచారణకు నియోగించెను. ఆ చిప్పలలోఁ దినఁదగిన యెదిగినవే మిక్కుటముగా నుండుటయు, ఒక్కచోట నివసింపని జాతులు కలిసియుండుటయు, వానినడుమ బొగ్గులును, ఱాతిపనిముట్లును, చేఁపల యెముకలును గానవచ్చుటయుఁ జూచి, అవి సముద్రపుఁ బని గాదనియు, బహుకాలము మనుష్యులు తిని విడిచిన యుచ్ఛిష్టపుఁ గుప్పలనియు వారు తేల్చిరి. కుప్పలలోఁ గొన్ని యెముకలు మాత్రమే యేల మిగిలెనను సంశయము తీర్చుకొనుటకు స్టీన్‌స్ట్రప్ కుక్కల కెముకలు వేసి, అవి కొఱికి విడిచినవి యేవో పరిశీలించెను. కుప్పలలోని యెముకలు నట్టివే యగుటచే, ఆ తీరవాసులు కుక్కలను బెంచిరని తేలెను. 1877 లో జపానునందు మోర్సు అను నమెరికాపండితుఁడు ఓమోరి యను చోట నట్టి చిప్పలగుట్టనే త్రవ్వి, ఆ దేశపుఁ బ్రాచీనచరిత్రకుఁ గ్రొత్త త్రోవఁ దీసెను.

తీరవాసులకు ఆల్చిప్ప యెట్టిదో మెట్టసీమవారికిఁ బేడ యట్టిది. తుగ్గలినుండి పడమటికిఁ బోయినకొలఁది నల్లరేగడి భూములును, వానినడుమ బోడిగుండ్ల కొండలును విచ్ఛేదము లేక బళ్ళారివఱకు వ్యాపించియున్నవి. పరిపాలనకు సంబంధించిన యెల్లలు మాత్రము మాఱినవి. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1 వ తేదివఱకు బళ్ళారి మండలమున నుండి, ఆనాఁ డాంధ్రరాష్ట్రమునఁ జేరినవి. భూమి యొక్కటియే, అచ్చటి ప్రాచీనజీవనమును ఒక్కటియే. ఈ పీఠభూమియందు, ముఖ్యముగా బళ్ళారి, రాయచూరు, గుల్బర్గా సీమలయందు, కొండలప్రక్కను, మైదానములందును విచిత్రములగు బూడిద దిబ్బలు నూఱింటికిఁ బైగా గుర్తింపఁబడినవి. బళ్ళారి సమీపమందలి కుడితిని, కుప్పగల్లు దిబ్బలు వానిలోఁ బ్రసిద్ధములు. అనంతపురము మండలమందలి పాలవాయియందును, పూర్వపు మహబూబునగరు మండలమందలి ఉట్నూరునందును ఇట్టివే కలవు. ఈ దిబ్బలలో మెత్తని తెల్లబూడిద పొరలును, బూడిదయే కరఁగి గాజువలె గట్టిపడిన చిట్టెపుఁ బొరలును ఒకదానిపై నొకటి పేర్చినట్లుండును.

ఇంత బూడిద యెట్లు వచ్చెనని జనులు తలపోయకుండలేదు. హంపికి సమీపమున నింబాపురమందలి దిబ్బ శ్రీరామునిచేఁ గూలిన వాలిని దహించిన చోటని స్థలపురాణము. ఇతరదిబ్బలు రాక్షసుల భస్మమని చెప్పుకొందురు. ఈ కథలు చరిత్ర గాకపోయినను, పరిహాసయోగ్యములు గావు. అది బూడిదయే యనియు, మహాగ్నిచేఁ గలిగినదనియు, అది పుట్టిన కాలము తమ తాతముత్తాతల కాలమునకు మిక్కిలి పూర్వమనియు జనులు సరిగనే యెఱిఁగిరి. వా రెఱుఁగనిది తగులఁబడిన వస్తువేదో యది మాత్రమే. దానిని విద్వాంసులును నూఱేండ్లకుఁ బైగా నెఱుఁగకుండిరి.

1843 లో న్యూబోల్డు అను సైనికోద్యోగి రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో నీ దిబ్బలనుగూర్చి వ్యాసము ప్రకటించెను. పిదప నూహలు పెక్కులు బయలుదేఱెను. అగ్నిపర్వతముల మూలమునఁ గలిగినవని కొందఱు, ఇటుకల యావములని కొందఱు, ఇనుము కరఁగించిన కొలుముల చిట్టెమని కొందఱు, విజయనగరకాలపు యుద్ధములందు మృతులైనవారి దహనభూములని మఱికొందఱు వాదించిరి. 1863 లోఁ బల్లావరమున శిలాయుగపు గొడ్డలిని గనుఁగొని ప్రఖ్యాతుఁడైన రాబర్ట్ బ్రూస్ ఫుట్ మాత్రము వేఱొక త్రోవఁ ద్రొక్కెను. ఈ దిబ్బలలోను జుట్టుప్రక్కలను నూఱిన ఱాతిగొడ్డండ్లును, నవీనశిలాయుగపుఁ గుండపెంకులును దొరకుచుండుటఁ జూచి, అవి యినుము తెలియని కాలమునాఁటివనియు, తగులఁబడినది పశువుల పేడయనియు నతఁడు నిశ్చయించెను. అతని సేకరణము 1904 లో మద్రాసు మ్యూజియమునకుఁ జేరినది. దాని వివరణపట్టిక యతని మరణానంతరమున 1914, 1916 సంవత్సరములలో వెలువడెను. ఐనను అతని సిద్ధాంత మంతటితో సర్వసమ్మతము గాలేదు. పేడ తగులఁబడి గాజుచిట్టె మెట్లగునను నాక్షేప మట్లే నిలిచియుండెను.

ఆ యాక్షేపమునకు సమాధానము రసాయనమార్గమున లభించెను. గడ్డిలో సూక్ష్మములగు ఇసుకరేణువులవంటి పదార్థ మంతర్భూతమై యుండును. పశువు గడ్డిని జీర్ణించుకొనినను, ఆ పదార్థము జీర్ణింపక పేడతో వెలువడును. పేడకుప్ప మహాగ్నితోఁ గాలునపుడు బూడిదలోని క్షారములతోఁ గలిసి యది కరఁగి, చల్లారినపిమ్మట గాజగును. 1960 ప్రాంతమున జాయినర్ అను పండితుఁడు బళ్ళారిసీమ దిబ్బల చిట్టెమును సూక్ష్మదర్శినితోఁ బరిశీలించి యది పేడనుండి పుట్టినదే యని స్థాపించెను. దానితో ఫుట్ పండితుని యూహ సిద్ధాంతమయ్యెను.

అంతకుఁ గొంచెము ముందు, 1957 లో, రేమండ్ ఆల్చిన్ ఉట్నూరు దిబ్బను ద్రవ్వెను. ఆ త్రవ్వకపు నివేదికను ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 1961 లోఁ బ్రకటించెను. దిబ్బ యడుగునఁ దాటిజాతి మ్రాఁకులు వరుసగా నాటిన గుంటలు కానవచ్చెను. ఆ మ్రాఁకుల కంచెలోపల మందను గట్టెడిచోటును, దాని వెలుపల మనుష్యులు కాఁపురముండు చోటును వేఱువేఱుగా నుండెను. కంచె పలుమాఱులు తగులఁబడి, పలుమాఱులు మరల నాటఁబడెను. వానినడుమ నేలపై గిట్టల గుర్తులు చెక్కుచెదరక నిలిచియుండెను. నాలుగువేల యేండ్లకుఁ బూర్వము పశువులు నడచిన యడుగులు నేఁటివాఁడు కన్నులఁ గాంచెను. ఏ రాజశాసనమున నిట్టి ప్రత్యక్షప్రమాణము లభించును? బొగ్గులోని యంగారకమును బట్టి కాలము లెక్కించు పద్ధతి 1949 నుండి వాడుకలోనికి వచ్చినది. దానిచే నీ దిబ్బలలోఁ బ్రాచీనములైనవి క్రీ. పూ. మూఁడవ సహస్రాబ్దికిఁ జెందినవని తేలినది. ఎఱ్ఱగుడి శాసనములకు రెండువేల యేండ్లకుఁ బూర్వమే యీ పీఠభూమిపై మందలు గట్టి, కంచెలు నాటి, పెంట నొక్కచోటఁ గూర్చు గ్రామజీవనము స్థిరపడియుండెనన్నమాట.

వారు పశుపాలకులు మాత్రమే కారు. బళ్ళారి సమీపమందలి సంగనకల్లు గుట్టపై 1946 ప్రాంతమున బెండపూడి సుబ్బారావు పరిశోధించి నవీనశిలాయుగపు గ్రామావశేషములను వెల్లడించెను. ఆ గుట్టలపై ఱాతిగొడ్డండ్లు చేయు కర్మాగారము లుండెను; కుప్పగల్లు కొండఱాళ్లపై మూఁపురముగల యెద్దుల బొమ్మలు లెక్కకు మిక్కిలిగాఁ జెక్కఁబడియున్నవి. తరువాతి పరిశోధకు లట్టి గ్రామముల మంటిని నీటఁ గలిపి, తేలిన మాఁడుగింజలను వడగట్టి పరీక్షించిరి. 2004 లోఁ బ్రకటింపఁబడిన ఫలితములను బట్టి యచ్చటివారి ముఖ్యధాన్యములు రెండు చిఱుధాన్యములు, రెండు పప్పుధాన్యములు. చిఱుధాన్యములలో నొకటి యండుకొఱ్ఱ. రెండవది కొఱ్ఱజాతిలోని యొక గడ్డిధాన్యము. పప్పుధాన్యములు ఉలవలును, పెసలును. గోధుమ, యవలు తరువాతికాలమునఁ గొన్నిచోట్లఁ గానవచ్చెను. ఉలవలు నేఁటికిని తుగ్గలి, ఆదోని, ఎమ్మిగనూరు మెట్టలయం దెఱుఁగనివారు లేరు. రాజ్యము లెన్నియో మాఱినను ఉలవచేను మాఱలేదు.

గుల్బర్గా సీమయందలి బూదిహాళున (అది నేఁడు యాదగిరి మండలమునఁ గలదు) దక్కను కళాశాలాచార్యుఁడగు కాట్రగడ్డ పద్దయ్య 1990 ప్రాంతమునుండి కొన్ని సంవత్సరములు త్రవ్వకములు జరపెను. అచ్చట బూడిద దిబ్బ ప్రక్కనే యిండ్లును, చెకుముకిరాతి పనిముట్లు చేసిన తావును, పశువులను గోసి పంచుకొన్న తావును బయలుపడెను. ఎముకలలోఁ బశువులవే యధికము. ఇది శ్రోత్రియులకు రుచింపకపోవచ్చును. కాని చరిత్ర మన రుచి నడిగి నడవదు. ఆ జనులు వేదధర్మము నెఱిఁగినవారని చెప్పుటకు నాధారము లేదు. వారి నాచారభ్రష్టు లనుటయుఁ బొసఁగదు. పశువు వారికి ధనము, ఆహారము, బహుశః దైవము నై యుండెను. మూఁపురపుటెద్దును ఱాతిపైఁ జెక్కిన చేతులే దానిని గోసిన చేతులు నగుట చూచినచోఁ బ్రాచీనజీవనమును మన వర్గీకరణములలోనికిఁ జొప్పించుట యెంత కష్టమో తెలియును.

ఇఁక ముఖ్యమగు సంశయ మొకటి కలదు. పేడ నేల తగులఁబెట్టిరి? నేఁటి కాఁపునకుఁ బెంటయే ధనము. ఏఁడాది పొడవునఁ గూర్చిన పెంటను వేసవిలో బండ్లకెత్తి చేలకుఁ దోలును; దానిని దిబ్బగాఁ దగులఁబెట్టువాఁడు మతిలేనివాఁ డనిపించుకొనును. కావున ఆ ప్రాచీనులు పెంటను జేలకుఁ దోలు నవసర మంతగా లేనివారై యుండవలెను. పశువు లధికము, చేలు స్వల్పము, భూమి విస్తారము. ఇంతవఱకు నర్థశాస్త్రదృష్టితోఁ జెప్పవచ్చును. పురుగుపుట్రలు పోవుటకును, రోగము లంటకుండుటకును దగులఁబెట్టిరనుటయు నొక సమాధానమే. కాని తరతరములుగా నొకేచోటఁ గూర్చి, కాల్చి, ఆ బూడిదపై మరలఁ గూర్చి, మరలఁ గాల్చి కొండవలెఁ బెంచుటకు శుభ్రత యొక్కటియే కారణమనుట చాలదు. ఆల్చిన్ 1963 నాఁటి గ్రంథమున దీనికిఁ బర్వములతో సంబంధముఁ గల్పించెను. హోళికాదహనము, భోగిమంట మొదలగునవి నేఁటికిని నిలిచియున్నవి. కన్నడసీమలో సంక్రాంతినాఁడు పశువులను మంటపై దాఁటించు నాచారము గలదు. ఋతువు మాఱు సంధియందు మందనుగూర్చి చేయు నగ్నికార్యమే యీ దిబ్బలకు మూలమై యుండునని యతని యభిప్రాయము. మఱికొందఱు తరువాతి పండితులు ఈ దిబ్బలను బుద్ధిపూర్వకముగాఁ బెంచిన స్మారకములనిరి. ఈ మతములు పరస్పరవిరుద్ధములు గావు. ఊడ్చిపోయుటయుఁ బూజించుటయు నొక్క చేతిపనిలోఁ గలియవచ్చును. భోగినాఁడు పాతచీపురులను, తట్టలను మంటలో వేయు నింటివారు ఇల్లు శుభ్రపఱచుచున్నారా, పండుగ చేయుచున్నారా యని యడిగినచో రెండు ననియే సమాధానము.

త్రవ్వుపాఱ చెప్పిన యీ విషయములకు శబ్దశాస్త్రమున సంవాద మున్నది. పాణిని పంచమాధ్యాయపు ద్వితీయపాదమున గోష్ఠశబ్దముపై భూతపూర్వార్థమున ఖఞ్ ప్రత్యయమును విధించెను. అందుచే గౌష్ఠీన మను రూపము సిద్ధించును. పూర్వము గోష్ఠమై, ఇప్పుడు గోష్ఠము గాని దేశ మని దాని యర్థము. అమరసింహుఁడును నీ పదమును స్వీకరించెను. పూర్వము పశువులు మేసి విడిచిన భూమికి నాశితంగవీన మను వేఱొక పదము గలదు. లోకమున లేని వస్తువునకు వైయాకరణుఁడు ప్రత్యయము విధింపఁడు. మంద విడిచిపోయిన చోటు మఱియొక విధమగు భూమిగాఁ గంటికిఁ గనఁబడుచుండెననియు, దానికిఁ బ్రత్యేకనామ మవసరమయ్యెననియు దీనిచేఁ దెలియుచున్నది. పాణిని వాయవ్యదేశమువాఁడు, అతఁడీ దక్షిణపు దిబ్బలను జూచి వ్రాసెనని యెవ్వరు ననరు. కాని బూడిద దిబ్బకు గౌష్ఠీన మనుదానికంటెఁ దగిన పేరు దొరకదు.

తెనుఁగు పదములును మూఁగవి గావు. పెంట యనఁగా నెరువు, చెత్త, కుప్ప. నల్లమలలోఁ జెంచుల నివాసములకుఁ బెంటలని పేరు. ఈ రెండు నేకమూలకములని శపథము చేయఁబని లేదు గాని, మనుష్యుఁ డున్నచోటనే పెంట యుండుననియు, పెంట యున్నచోట మనుష్యుఁ డుండెననియుఁ ద్రవ్వకములు చెప్పుచున్న యర్థము ఆ పదమునఁ గూడ ధ్వనించుచున్నది. పాడుపడిన యూరిచోటును బాటి యందురు. కాడు కాటి యైనట్లు, నాఁడు నాఁటి యైనట్లు, పాడు శబ్దము ఔపవిభక్తికమగు టివర్ణకముచేఁ బాటి యగును. పాటిదిబ్బ, పాటిమన్ను అను సమాసములు దానివలనఁ గలిగినవి. పాటిమన్ను చేలకు మంచి యెరువని కాఁపు లెఱుఁగుదురు. ఆ సారము వేఱేమియుఁ గాదు. పూర్వు లక్కడఁ బాఱవైచిన పేడ, బూడిద, యెముక, ధాన్యపుఁ బొట్టు.

ఇందే యాపద యిమిడియున్నది. ఏ గుణముచేఁ బాటిమన్ను చరిత్రకు నిధియో, ఆ గుణముచేతనే యది బండ్లకెక్కి పొలములకుఁ బోవుచున్నది. బూడిద దిబ్బలు కొన్ని యెరువునకును, ఇటుకలకును, బాటలకును ద్రవ్వఁబడి క్షీణించినవి. బళ్ళారిసీమ కొండలు కొన్ని ఱాతికొఱకుఁ బగులఁగొట్టఁబడినవి. కాఁపును నిందింపఁ దగదు. అతనికిఁ దెలిసిన యుపయోగ మతఁడు చేసికొనుచున్నాఁడు. వేఱుపయోగము గలదని చెప్పవలసినవారు చెప్పలేదు. శాసనమున్న ఱాతిపై గొడ్డలివేటు పడినచోఁ బండితులు వాపోదురు. నాలుగువేల యేండ్ల యూరిలెక్క బండెడు మన్నుగాఁ బోయిన నెవ్వరు నడుగరు. అక్షరము లేనిదానికిఁ జరిత్ర లేదనుకొనుటయే దీనికి మూలము.

పడమట బళ్ళారి, నైరృతిదిశను బాలవాయి, ఉత్తరమున ఉట్నూరు: ఈ మూఁటి నడుమఁ దుగ్గలి సీమ యున్నది. కావున నిచ్చటి పల్లెల పాటిదిబ్బలు పరిశీలనార్హములు. ఇందుకు గొప్ప వ్యయమును, యంత్రములును మొదట నక్కఱలేదు. గ్రామోపాధ్యాయుఁడు తన యూరి పాటిదిబ్బ యెక్కడనున్నదో, దానికి జనులు చెప్పు పేరేమో, కథ యేమో వ్రాసియుంచవచ్చును. వానకోఁతవలనఁ దెగిన గట్టున బూడిదపొరయో, గాజుచిట్టెమో, నూఱిన ఱాతిగొడ్డలియో కానవచ్చినచో, దానిని గదల్పక, స్థలమును గుర్తించి పురాతత్త్వశాఖకుఁ దెలుపవచ్చును. త్రవ్వుట యతని పని గాదు; పొర చెదరిన సాక్ష్యము మాఱిన పాఠమువంటిది, మరలఁ గుదురదు. తాళపత్రగ్రంథములు చెదలపాలు గాకుండఁ గాపాడినవారు ఉపాధ్యాయులును, పండితులునే. ఊరిబయటి బూడిదయు నొక తాళపత్రమే యని వారు గ్రహించినచో, అశోకునికి రెండువేల యేండ్లకుఁ బూర్వము ఉలవలు తిని, మందలు గాచి, ఱాతిపై నెద్దును జెక్కిన యా పేరులేని జనుల చరిత్ర యింకను గొంత దక్కును.